టీచరమ్మ సీటు

మెయిన్ రోడ్డు మీద నేరుగా పోవలసిన వ్యాన్ ఉన్నట్టుండి ఎడమ పక్క సందులోకి తిరిగేసరికి కొత్త మేనేజరు తలెత్తి చూసింది. ఊరి చివరి కాలనీలకు ఈ సందులోంచి వెళ్లడం చుట్టుతిరుగుడని నిన్నగాక మొన్న వచ్చిన తనకే తెలుస్తోంది. ఏళ్ల తరబడి ఈ బండి తోలుతున్న డ్రైవరుకు తెలియకపోవడమేమిటనుకుంది. సందు మలుపులో కింద టైలరు దుకాణం, పైన పచ్చరంగు కిటికీ ఉన్న ఒక మేడ ముందు వ్యాన్ ఆగింది. డ్రైవరు పొట్టిగా రెండు హారన్లు కొట్టాడు. వెనక కూర్చున్న, అందరూ మైకు అని పిలిచే సేల్స్‌మన్ లేచి, పక్క తలుపును బర్రున లాగి తెరిచాడు.

ఎవరూ ఎక్కలేదు.

ఇంజను ఆడుతూనే ఉంది. అప్పటిదాకా ఒకళ్లనొకళ్లు ఆట పట్టించుకుంటున్న వాళ్లంతా నోళ్లు మూసుకుని, దుకాణం పక్కనున్న ఇరుకు మెట్లవైపు చూస్తున్నారు. చేతిలో బరువున్న మనిషి పైనుంచి ఒక్కో మెట్టూ దిగి రావడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపూ తలుపు అలాగే తెరిచి ఉంది. తర్వాత మైకు దాన్ని మూసేసి, "పోనివ్వన్నా" అన్నాడు.

"ఎవరి కోసం ఆగాం?" అని అడిగింది మేనేజరు.

"ఎవరి కోసమూ కాదు మేడమ్. అలవాటు" అన్నాడు మైకు, కిటికీలోంచి బయటికి చూస్తూ.

మైకు అంటే ఆ బ్రాంచిలో అందరికన్నా ఎక్కువ వాక్యూమ్ క్లీనర్లు అమ్మేవాడు. గుసగుసలాడినా పక్కింటికి వినబడే గొంతు కాబట్టి ఆ పేరు పడిపోయింది. అలాంటివాడు ఈ ముక్క మాత్రం పెదాల చివరనుంచి అన్నాడు. మేనేజరుకు ఇంకో సంగతి కూడా వింతగా తోచింది. తలుపు పక్కన ఒక సీటు ఖాళీగా ఉంది. అయినా పనిలో చేరి ఇంకా నెల తిరగని కొత్తమ్మాయి, మెషిన్ పెట్టెల మీద మోకాళ్లు గడ్డానికి తగిలేట్టు ముడుచుకుని కూర్చుంది.

"అక్కడ ఖాళీ ఉందిగా, కూర్చోరాదూ?"

కొత్తమ్మాయి మైకు వైపు చూసింది, తర్వాత డ్రైవరు వైపు చూసింది. "వద్దు మేడమ్, నాకిక్కడే బాగుంది" అంది.

కుదుపు వచ్చినప్పుడల్లా ఆమె తల వ్యాన్ టాపుకు తగులుతూనే ఉంది.

*

ఈ బ్రాంచిని దారిలో పెట్టు, లేకపోతే మూసేస్తాం అని చెప్పి మరీ ఆమెను ఇక్కడికి పంపాడు జోనల్ సారు. ఆయన నోరు తెరిస్తే టీమ్ అంటే కుటుంబం అంటాడు. కుటుంబాన్ని మూసేయడం ఎలాగో ఆమె అడగలేదు. అడిగే ఉద్యోగం కాదది. మూసేస్తే తనకు ఇంకెక్కడో ఒక కుర్చీ దొరకవచ్చు. వ్యాన్‌లో ఉన్నవాళ్లకు మాత్రం రోడ్డే గతి. ఈ సంగతి వాళ్లకూ తెలుసు. తెలిసీ చెయ్యి ఆడనట్టు ఉన్నారు.

పాత మేనేజరు పేరు చెబితే అందరూ భుజాలు తడుముకునేవారు. ఆయన్ను వెనకాల చప్పట్ల సారు అనేవాళ్లు. పొద్దున మీటింగులో చప్పట్లు, మెషిన్ అమ్ముడుపోతే చప్పట్లు, ఆయన తుమ్మినా కొట్టేవాళ్లేమో. అన్నింటినీ మించిన చప్పట్లు సాయంత్రం ఉండేవి. ఆ రోజు ఒక్క మెషినూ అమ్మనివాళ్ల కోసం వ్యాన్ ఆగకూడదు. పెట్టె మోసుకుని నడిచి రావాలి. రోడ్డు పక్కన వాళ్లు నిలబడి ఉంటే, బండి పక్కనుంచి పోతుండగా లోపలివాళ్లంతా చప్పట్లు కొట్టాలి. అలా చేస్తే మనిషిలో కసి పెరుగుతుందని ఆయన సిద్ధాంతం.

ఈ చప్పట్లను మేనేజరు వచ్చిన రోజే రద్దు చేసింది. అందరూ బుద్ధిగా తలలూపారు. ఆ తలలూపడంలో ప్రాణం లేదు. ఇలాంటి మంచి మేనేజర్లను చాలామందిని చూశాం, మీ ముచ్చటా చూస్తాం అన్నట్టుగా ఊపారు.

వ్యాన్ సందులో ఆగిన రోజు సాయంత్రం అందరినీ ఎక్కించుకుంటూ వస్తుంటే కొత్తమ్మాయి కనిపించలేదు. చెప్పిన చోట లేదు. చివరికి దించేసిన ఒక షట్టరు పక్కన, గోడకు ఆనుకుని కూర్చుని కనిపించింది. బండిని చూడగానే మొహం తిప్పుకుంది.

మేనేజరు తలుపు తీసి, "ఎక్కమ్మా" అంది.

"ఏం అమ్మలేదు మేడమ్."

"అమ్మకపోతే?"

"నడిచొచ్చేస్తాను. మీరెళ్లండి. నేను ఇటు తిరిగి కూర్చుంటాను, మీరు వెళ్లిపోండి."

మేనేజరు దిగి పెట్టె ఎత్తబోయింది. అప్పుడు తెలిసింది దాని బరువు. మెషినూ, గొట్టాలూ, బ్రష్షులూ అన్నీ కలిసి భుజం గుంజేస్తున్నాయి. ఆ పిల్లను ఎక్కించేసరికి ఆమెకు చెమట పట్టింది. కొత్తమ్మాయి దారి పొడుగునా లోపలివాళ్ల చేతులవైపే చూస్తూ కూర్చుంది.

*

మర్నాడు బయల్దేరే ముందు డ్రైవరు అద్దాలు తుడుస్తుంటే మేనేజరు దగ్గరికి వెళ్లి నిలబడింది. "ఆ సందు సంగతేమిటో చెప్పు" అంది.

ఆయన తుడిచిన అద్దమే మళ్లీ తుడిచాడు.

"టీచరమ్మ అని ఉండేది మేడమ్. చిన్న బడిలో పంతులమ్మ. ఆ బడి మూతపడితే ఇందులోకి వచ్చింది. అబద్ధం చెప్పడం రాదు. అందుకే అమ్మకం కూడా రాదు అని మైకు ఆట పట్టించేవాడు. కానీ ఆమెంటే అందరికీ ఇష్టం. వ్యాన్‌లో కూర్చుని మా పిల్లల లెక్కలు దిద్దేది. ఆ రోజు పెద్ద వాన. ఫ్యాక్టరీ గోడ దగ్గర నిలబడుంది, పెట్టె తడవకుండా తన చీర కొంగు కప్పింది దానికి. బండిని చూసి చెయ్యెత్తింది. ఆపనా సార్ అన్నాను. నీకు ఉద్యోగం బరువైందా అన్నాడు. గేరు మార్చాను మేడమ్. ఈ చేత్తోనే."

"వాళ్లు?"

"కొట్టారు. చప్పట్లు. అందరూ కొట్టారు." ఆయన గుడ్డ పిండాడు. "నడుచుకుంటూ వస్తూ కల్వర్టు దగ్గర పడిపోయింది. తుంటి విరిగింది. సారును మొన్నీమధ్యే బదిలీ చేశారు. ప్రమోషన్ మీదే."

మేనేజరు గొంతు తగ్గించి అడిగింది. "చనిపోయిందా?"

"అయ్యో, బతికే ఉంది మేడమ్. ఆ పచ్చ కిటికీ వాళ్లదే. పొద్దున ఎక్కించుకునేటప్పుడు అక్కడే హారన్ కొట్టేవాళ్లం. ఇప్పుడూ కొడుతున్నాం."

"ఎవరైనా పైకి వెళ్లి పలకరించారా?"

"ఏం మొహం పెట్టుకుని వెళ్లమంటారు?" అన్నాడు డ్రైవరు. "హారన్ కొడతాం. తలుపు తీస్తాం. ఆమె వస్తే వస్తుంది. రాకపోతే, మేం పిలిచినట్టన్నా ఉంటుంది కదా."

చచ్చిపోయిన మనిషి కోసం ఆగుతున్నారనుకుంటే మేనేజరు ఏదో ఒకలా సరిపెట్టుకునేది. బతికున్న మనిషి గుమ్మం ముందు రోజూ ఇలా నిలబడి, పైకి వెళ్లకుండా కదిలిపోవడం మాత్రం ఆమెకు మింగుడు పడలేదు. దాంతోపాటు, మేనేజరు బుర్ర కాబట్టి, ఇంకొకటి కూడా తట్టింది. వీళ్లందరూ కలిసి మనస్ఫూర్తిగా చేసే పని ఇదొక్కటే. వీళ్లను కూడగట్టాలంటే ఇక్కడే పట్టుకోవాలి.

ఆ పొద్దున వ్యాన్ సందులో ఆగి హారన్ మోగగానే మైకు లేవబోయాడు. అతని భుజం మీద చెయ్యేసి కూర్చోబెట్టి, మేనేజరు తానే లేచింది. తలుపు పిడి పట్టుకుని మెల్లిగా, చప్పుడు కాకుండా పక్కకు జరిపింది. తెరిచిన తలుపు దగ్గరే నిలబడి మెట్లవైపు చూసింది. మెట్లు చీకటిగా ఉన్నాయి. పైన పచ్చ కిటికీ మూసి ఉంది. లోపలెక్కడో కొళాయి ధారగా పడుతున్న చప్పుడు వినిపించింది. ఎవరో మెట్టు మీద అడుగు వేశారనిపించి ఆమె ముందుకు వంగింది కూడా. ఎవరూ లేరు.

తలుపు మూసి వెనక్కి తిరిగేసరికి అందరూ ఆమెనే చూస్తున్నారు. మైకు కళ్లు తుడుచుకుంటున్నాడు. ఆ క్షణంలో వాళ్లు తనవాళ్లయ్యారని ఆమెకు తెలిసిపోయింది. ఆమె సంతోషించింది. అబద్ధమెందుకు, బాగా సంతోషించింది.

*

తర్వాత పని దానంతటదే అందుకుంది. మైకు తనకు తలుపు తీసే ఇళ్లలో కొన్నింటిని కొత్తమ్మాయికి వదిలేశాడు. ఒక మధ్యాహ్నం ఒక ఇంటి పడగ్గదిలో ఆ పిల్లకు పని నేర్పుతుంటే మేనేజరు గుమ్మంలో నిలబడి చూసింది.

"ముందు తెల్లగుడ్డ చూపించు. రెండు వైపులా తిప్పి చూపించు. ఇప్పుడు గొట్టం మూతికి బిగించు. వాళ్లు రోజూ పడుకునే పక్క వైపే రుద్దు, మెల్లిగా. నువ్వేం మాట్లాడకు" అన్నాడు మైకు.

"మాట్లాడకుండా ఎలా అమ్ముతారు?"

"గుడ్డ విప్పి చేతిలో పెట్టు. అదే మాట్లాడుతుంది. నేను మాట్లాడేది నాకు నోరు ఊరుకోక."

ఆ ఇంటావిడ బూడిదరంగు మచ్చ పడిన గుడ్డను పట్టుకుని, "ఇదంతా మా పరుపులోదేనా?" అని మొగుడి వైపు చూసింది, అదేదో అతను కావాలని పోసినట్టు. మెషిన్ అమ్ముడుపోయింది. మెట్లు దిగుతూ కొత్తమ్మాయి చప్పట్లు కొట్టబోయి, రెండు చేతులూ గాల్లోనే ఆపేసింది. మైకు ఆ చేతులు చూసి మొహం పక్కకు తిప్పుకున్నాడు.

సాయంత్రం వ్యాన్ అందరికోసం ఆగుతోంది. అమ్మనివాళ్లు ముందు ఎక్కుతున్నారు, వాళ్ల పెట్టెలు అమ్మినవాళ్లు ఎత్తుతున్నారు. ఈ రూలు ఆమె పెట్టలేదు, వాళ్లే పెట్టుకున్నారు. అంకెలు కదలడం చూసి జోనల్ సారు ఫోన్ చేశాడు.

"ఏం మంత్రం వేశావమ్మా?"

ఆమె సీటు సంగతి చెప్పింది. చెప్పకుండా ఉండాల్సిందేమో, కానీ పొగిడితే ఎవరికి మాత్రం నోరు ఆగుతుంది.

"బంగారం లాంటి ఐడియా" అన్నాడు జోనల్ సారు. "అన్ని బ్రాంచిల్లోనూ పెడదాం. ప్రతి వ్యాన్‌లో ఒక ఖాళీ సీటు. టీమ్ అంటే కుటుంబం అని రాసి అతికిద్దాం. వచ్చే వారం నేనే వస్తాను. ఆవిడను తీసుకొచ్చి ఆ సీట్లో కూర్చోబెట్టు, ఫోటో తీసుకుందాం."

ఆ రోజు ఇంట్లో భోంచేస్తూ ఆమె మాటిమాటికీ వీధి తలుపు వైపు చూసింది. వడ్డిస్తున్న మొగుడు అది కనిపెట్టాడు.

"ఎవరొస్తారని? నాకు తెలియకుండా చుట్టాలెవరినైనా పిలిచావా?"

"ఎవరూ రారు."

"మరెందుకలా చూస్తావు? అన్నం చల్లారిపోతోంది."

ఆమె తలుపు గడియ వేసి వచ్చి కూర్చుంది. వేసిన గడియ అవతల ఎవరో నిలబడ్డారనిపించి, మళ్లీ లేచి తీసింది.

*

మేనేజరు ఇరుకు మెట్లెక్కి తలుపు తట్టినప్పుడు టీచరమ్మ చెల్లెలు తీసింది. మెడలో కొలతల టేపు వేలాడుతోంది. కింది దుకాణం ఆమెదే. విషయం చెప్పగానే ఆమె మొహం మాడిపోయింది. అయినా పక్కకు తప్పుకుంది.

టీచరమ్మ కిటికీకి దూరంగా, లోపలి గోడవైపు వేసిన కుర్చీలో కూర్చుని ఉంది. పక్కన నడకకు ఆసరాగా నాలుగుకాళ్ల స్టాండు ఉంది. మేనేజరు అనుకున్నంత ముసలిది కాదు. ఏడుస్తుందేమో, తిడుతుందేమో అని సిద్ధపడి వచ్చిన మేనేజరును ఆమె నిదానంగా కిందనుంచి పైదాకా చూసింది.

"కూర్చోండి. ఈమధ్య తలుపు తీస్తోంది మీరే కదూ?"

"మీకెలా తెలుసు?"

"మైకు లాగితే బర్రుమనేది. ఇప్పుడు చప్పుడు లేకుండా తీస్తున్నారు. అది ఇంకా భయంగా ఉంది. తీశారో లేదో తెలియక చెవులు రిక్కించుకుని వినాల్సొస్తోంది."

మేనేజరుకు అది సరిగ్గా ఎక్కలేదు. తనతో తెచ్చుకున్న ఉత్సాహమంతా ఒలకబోసింది. వాళ్లు మారిన తీరు, సాయంత్రం అందరికోసం బండి ఆగడం, మైకు కళ్లు తుడుచుకోవడం, జోనల్ సారు రావడం, ఫోటో అన్నీ చెప్పింది. "మీ సీట్లో ఇంతవరకూ ఎవరినీ కూర్చోనివ్వలేదమ్మా" అని ముగించింది.

"ఇంకా ఎన్నాళ్లు ఆపుతారు?"

"మీరొచ్చేదాకా" అంది మేనేజరు, కాస్త గర్వంగానే.

టీచరమ్మ తన కాలు మీద చెయ్యేసుకుంది. "నాకు తుంటి విరిగిన సంగతి గుర్తుంటుందండీ, కాలికి గుర్తుండదు. ఆ హారన్ వినబడగానే లేస్తుంది. ఒకసారి మెట్ల దాకా వెళ్లి పడ్డాను కూడా. అప్పట్నుంచి ఆ టైముకు మా చెల్లెలు దుకాణం వదిలేసి పైకొచ్చి నా చెయ్యి పట్టుకుని కూర్చుంటుంది. హారన్ వినబడకుండా కొళాయి తిప్పుతుంది. అయినా వినబడుతుంది."

మేనేజరు మూసి ఉన్న పచ్చ కిటికీ వైపు చూసింది.

"మీ తలుపు తీసున్నంతసేపూ నావల్ల అందరికీ ఆలస్యమవుతోందని గుండె కొట్టుకుంటుంది. మూశాక బండి కదులుతుంది. వెళ్లిపోయారు, నన్ను వదిలేసి వెళ్లిపోయారు అనిపిస్తుంది. ఆ వానలో నన్ను ఒక్కసారే వదిలేశారమ్మా. ఇప్పుడు రోజూ వదిలేస్తున్నారు."

కింద ఎవరో చెల్లెల్ని పిలుస్తున్నారు. ఆమె పలకలేదు. కొలతల టేపును వేళ్లకు చుడుతూ, విప్పుతూ నిలబడింది.

"వాళ్లకు తెలియదు" అంది మేనేజరు చివరికి. "నేను చెప్తాను. చెప్తే ఈ క్షణమే మానేస్తారు."

"చెప్పొద్దు." టీచరమ్మ గొంతు మొదటిసారి గట్టిగా వచ్చింది. "చెప్తే పైకొస్తారు. మైకు కాళ్ల మీద పడతాడు. అందరూ ఏడుస్తారు. నేను పర్లేదులే నాయనా అనాలి. అనకపోతే వాళ్లు ఈ గదిలోంచి కదలరు. పర్లేదు అనే ఓపిక నాకింకా రాలేదు. నేనడిగానని తెలియకుండా ఆపించండి. మీ మాటగా ఆపండి. మీరు మేనేజరు కదా."

మేనేజరు మాట ఇచ్చింది. ఇవ్వక ఏం చేస్తుంది. తాను కూడగట్టిందంతా ఈ మెట్ల మీద దింపేసి పోతున్నానని దిగుతున్నప్పుడే తెలిసింది. వాళ్లకు నిజం చెబితే టీమ్ నిలబడుతుంది, ఈమెకు ఇంత నీడా మిగలదు. చెప్పకపోతే వాళ్ల కళ్లకు తానూ ఇంకో చప్పట్ల సారే అవుతుంది.

ఆ సాయంత్రమే జోనల్ సారుకు ఫోన్ చేసి, ఫోటో వద్దు, సీటూ వద్దు అని చెప్పింది. కారణం అడిగితే ఇంధనం దండగ అంది. నీ చేతులతో నువ్వే టీమ్‌ను చంపుకుంటున్నావు అని ఆయన ఫోన్ పెట్టేశాడు.

*

మర్నాడు పొద్దున వ్యాన్ సందు దగ్గరికి వచ్చింది. డ్రైవరు ఎడమ వైపు తిప్పడానికి సిగ్నల్ వేశాడు.

"వద్దు. నేరుగా పోనివ్వు" అంది మేనేజరు.

"మేడమ్?"

"ఇవాళ్టినుంచి ఆ సందులోకి వెళ్లం. ఎప్పుడూ వెళ్లం. హారన్ కూడా కొట్టొద్దు."

బండి మలుపు దగ్గరే ఆగిపోయింది. వెనక వచ్చే వాహనాలు గోల చేస్తున్నాయి. డ్రైవరు అద్దంలోంచి ఆమె మొహం చూశాడు. "ఆమెను కలిశారా మేడమ్? ఏమన్నా అందా?"

"లేదు" అంది మేనేజరు. "నేనెందుకు కలుస్తాను?"

"మరెవరు చెప్పారు? జోనల్ సారా?" అన్నాడు మైకు. ఆ గొంతు వ్యాన్ అంతా నిండింది.

"ఎవరూ చెప్పలేదు. నేనే. రోజూ చుట్టు తిరగడం వల్ల టైము పోతోంది."

టైము అనే మాట తన నోట్లోంచి వస్తుంటే ఆమెకే అసహ్యం వేసింది. మైకు ఆమెను చూసిన చూపు, అంతకు ముందు చప్పట్ల సారును ఎన్నోసార్లు చూసిన చూపులాగే ఉంది. డ్రైవరు సిగ్నల్ ఆర్పేశాడు. గేరు మార్చడానికి చెయ్యి చాచి, ఆ చెయ్యి అలాగే కాసేపు గాల్లో ఉంచాడు.

"నేను మార్చలేను మేడమ్" అన్నాడు. "ఇంకోసారి నావల్ల కాదు."

మేనేజరు వంగి అతని చేతి మీద తన చెయ్యి వేసింది. ఇద్దరి చేతుల కింద గేరు పడింది. వ్యాన్ సందు మొగ దాటి నేరుగా పోయింది. ఎవరూ వెనక్కి తిరగలేదు. పైన ఆ ఇంట్లో చెల్లెలు ఈ సరికి కొళాయి తిప్పి ఉంటుంది, అక్క చెయ్యి పట్టుకుని హారన్ కోసం భయంగా ఎదురుచూస్తూ ఉంటుంది, ఎంతసేపటికీ అది రాకపోతే ఏమనుకుంటారో అని మేనేజరు ఊహించింది. ఊహించిన దాంట్లో కొంచెం ఊరట దొరికింది. దాన్ని పంచుకోవడానికి బండిలో ఒక్కరూ లేరు.

కాలనీ దగ్గర పడుతుండగా ఆమె వెనక్కి తిరిగి కొత్తమ్మాయితో, "వచ్చి ఆ సీట్లో కూర్చో" అంది.

కొత్తమ్మాయి పెట్టెల మీదనుంచి లేచింది. ఎవరూ వద్దనలేదు, ఎవరూ కూర్చోమనలేదు. ఆ పిల్ల వచ్చి సీటు అంచున, వీపు ఆనించకుండా, ఒళ్లో చేతులు కట్టుకుని కూర్చుంది. కొంతదూరం పోయాక మెల్లిగా అడిగింది.

"మేడమ్, ఇవాళ నేనేం అమ్మకపోతే బండి ఆగుతుందా?"

"ఆగుతుందమ్మా. తప్పకుండా ఆగుతుంది" అంది మేనేజరు.

కొత్తమ్మాయి సరేనని తలూపింది. ఆ తలూపడం మేనేజరుకు తెలిసినదే, తాను వచ్చిన మొదటి రోజు అందరూ ఊపినట్టే ఊపింది. కాలనీ రాగానే అందరికన్నా ముందు దిగి, భుజం ఒక పక్కకు వంగిపోతుండగా పెట్టె ఎత్తుకుని, నడిచి రావలసి వస్తే ఎంత దూరమో చూసుకుంటున్నట్టు వచ్చిన దారి వైపు ఒకసారి తిరిగి చూసి, మొదటి ఇంటి గేటు తట్టింది.